బడి తనదయ్యే దాకా: కొత్త విద్యాసంవత్సరంలో మార్పు, చేరిక

(గిడుగు వేంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వేసవి సెలవుల తరువాత బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. ఆ వారమంతా గుమ్మాలకు మామిడి తోరణాలు, వీధుల్లో బడిబాట ఊరేగింపులు, పాఠ్యపుస్తకాల పంపిణీ, పలకలు ఒళ్లో పెట్టుకున్న చిన్నపిల్లల చేత సామూహిక అక్షరాభ్యాసాలు, వేదికలమీద ప్రజాప్రతినిధుల ప్రసంగాలు సాగుతాయి. ఈ వేడుకను తక్కువ చేయవలసిన పని లేదు. బడి అంటే ఊరికి పట్టింపు ఉన్నదని పిల్లలకు తెలియజెప్పే సందర్భాలు ఏడాదిలో ఎన్నో రావు. అయితే తోరణాలు వాడిపోయిన తరువాత, కొత్తగా వచ్చిన పిల్లవాడు బడికి తగినట్టు మారడమే మిగులుతుందా, లేక పిల్లవాడికి తగినట్టు బడి కూడా ఎంతో కొంత మారుతుందా అన్న ప్రశ్నకు ఆ వేదికలమీద చోటు దొరకదు. తెలుగు నేలమీద గడచిన రెండు వందల ఏళ్ల బడి చరిత్రను ఈ ప్రశ్న పట్టుకుని చదివితే, మారే భారం దాదాపు ఎప్పుడూ పిల్లల నెత్తినే పడిందనీ, బడి అందులో తన వాటా తీసుకున్న సందర్భాలు వేళ్లమీద లెక్కించదగినన్నే ఉన్నాయనీ, అటువంటి కొద్దిపాటి సందర్భాల్లో సవర ఆదివాసీ పిల్లల కోసం గిడుగు నడిపిన బడులు మొదటి వరుసలో నిలుస్తాయనీ తేలుతుంది.

చరిత్రలో వెనక్కి వెళ్లడానికి మంచి ఆధారం ఒకటి ఉంది. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, తన పాలనలోని జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, వాటిలో ఎవరు ఏం చదువుతున్నారో తెలపాలని కలెక్టర్లను కోరగా, బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మిగిలినవాటి కంటే ఎంతో వివరంగా ఉంటుంది. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులున్నాయనీ, వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులనీ, మొత్తం 6,641 మంది విద్యార్థుల్లో బాలికలు 60 మంది మాత్రమేననీ ఆయన లెక్క చెప్పాడు. వీటిలో అత్యధికం వీధిబడులు, అంటే ఊరివాళ్లిచ్చే రుసుముల మీద ఆధారపడి ఒకే పంతులు ఏ అరుగుమీదో, ఏ పంచలోనో నడుపుకునే బడులు.

ఆ బడుల్లో చేరిక ఎలా జరిగేదో కాంప్‌బెల్ దగ్గరినుంచి చూసినట్టు రాశాడు. ఐదేళ్లు వచ్చిన పిల్లవాడి ఇంటికి పంతులూ, ఆ బడిలో చదివే పిల్లలూ కలిసి పిలుపు మీద వస్తారు. వినాయకుడి ప్రతిమ చుట్టూ అందరూ గుండ్రంగా కూర్చుంటే, కొత్త పిల్లవాడిని ప్రతిమకు సరిగ్గా ఎదురుగా కూర్చోబెడతారు. ధూప నైవేద్యాలు అయ్యాక పక్కన కూర్చున్న పంతులు అతడి చేత ప్రార్థన పలికించి, వేలు పట్టి బియ్యంలో దేవుడి పేరు రాయించి, తల్లిదండ్రులు శక్తికొద్దీ ఇచ్చినది పుచ్చుకుని సెలవు తీసుకుంటాడు. అసలు చదువు మర్నాటి ఉదయం మొదలవుతుంది. ఇందులో గమనించవలసినది, బడే పిల్లవాడి ఇంటికి నడిచి రావడం. మర్నాడు ఆ అరుగు ఎక్కినప్పుడు అతడికి అక్కడ ఒక్క ముఖమైనా పూర్తిగా కొత్తది కాదు, ఎందుకంటే ఆ పిల్లలందరూ ముందురోజే అతడి ఇంట్లో, అతడి చుట్టూ కూర్చుని వెళ్లినవాళ్లు. నేటి సామూహిక అక్షరాభ్యాసం ఆ క్రతువులోని బియ్యాన్నీ, వేలునూ నిలుపుకున్నది కానీ ఆ నడకను వదిలేసింది. పోగొట్టుకోకుండా ఉండవలసింది ఆ నడకనే.

అదే నివేదిక తరువాతి పేరాల్లో బడి రెండో ముఖం కనిపిస్తుంది. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు, అంటే అతడు మెప్పుకూ తగడు, తిట్టుకూ తగడు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవారికి ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోతాయి. ఇంటిదగ్గర పనులున్న పిల్లవాడు, దూరంనుంచి నడిచి వచ్చే పిల్లవాడు ప్రతిరోజూ ఈ వరుసలో ఎక్కడ నిలబడేవాడో ఊహించడం కష్టం కాదు. ఇంతకంటే లోతైన లోపాన్ని కూడా కాంప్‌బెల్ పట్టుకున్నాడు: తెలుగు, కన్నడ బడుల్లో చదివించే పుస్తకాలు ఎక్కువగా పద్యాల్లో ఉన్నాయనీ, ఆ భాష జనం మాట్లాడుకునే, వ్యవహారాలు నడుపుకునే భాషకు చాలా దూరమనీ, పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు పొల్లుపోకుండా ఒప్పజెప్పినా వాటి అర్థం చిలకకు తెలిసినంతే వాళ్లకు తెలుసుననీ ఆయన అన్నాడు. పద్యం కంఠస్థం కావడంవల్ల చెవికీ నాలుకకూ కలిగే మేలు పరాయి అధికారి లెక్కలోకి వచ్చి ఉండదు. అయినా, ఇంట్లో మాట్లాడే భాష గడపకు అవతలే ఉండిపోయిందన్న ఆయన పరిశీలన మాత్రం నిజం.

ఆ నివేదిక తరువాత దాదాపు ఎనభై నాలుగేళ్లకు, బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ పుస్తకాల తెలుగుకూ జనం నోటి తెలుగుకూ ఉన్న ఎడాన్ని గురించి ప్రశ్న లేవదీయడం, అది గిడుగునూ గురజాడనూ వ్యావహారిక భాషోద్యమం వైపు, అంటే చదువుకున్నవారు నిత్యం మాట్లాడే భాషనే రాతలోనూ బోధనలోనూ వాడాలన్న ఉద్యమం వైపు నడిపించడం అందరూ ఎరిగిన కథ. ఆ ఉద్యమ కీర్తి నీడలో పడి, అంతకుముందే మొదలైన గిడుగు సవర భాషా కృషి తెలుగు పాఠకులకు ఒక పేరాగ్రాఫు సంగతిగానే మిగిలిపోయింది. బడిలో చేరిక అన్న విషయానికి మాత్రం అదే ఆయన జీవితంలో ముఖ్యమైన అధ్యాయం.

1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ పట్టణం చుట్టూ ఉన్న కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా భాషాకుటుంబానికి చెందినది, తెలుగు ద్రావిడ కుటుంబానిది, కనుక రెంటికీ పుట్టుకతో వచ్చిన చుట్టరికం లేదు. సంతకు దిగివచ్చిన సవరలు తెలుగు షావుకారుతో, తెలుగు గుమాస్తాతో వచ్చీరాని తెలుగులోనే నెగ్గుకు రావలసి ఉండేది. వారికి చదువు కావాలని అనుకున్న గిడుగు, తెలుగు తెలిసిన సవర ఒకరి సాయంతో ముందు తానే ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి శ్రమించి, ఆ భాషలో పిల్లలకు పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు కూడా తానే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టి ప్రభుత్వమే నడపాలని కోరారు. ఇంగ్లీషులో ఆయన కూర్చిన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మధ్యలో 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆ మార్పును అంగీకరించలేని గిడుగు యాభై ఏళ్లకు పైగా పని చేసిన ఊరు వదిలి రాజమండ్రి చేరారు. ఎక్కడ చేరి ఉండాలన్న ప్రశ్న ఆయన సొంత బతుకులోనూ ఇంత పదునుగా వచ్చింది.

ఈ కృషిలో పాండిత్యం కంటే ముందుగా చూడవలసింది పనుల వరుస. మామూలుగా బడి పెట్టేవారు మొదట గది కడతారు, పిదప పంతులును వేస్తారు, ఆపైన పుస్తకాలు పంపుతారు, చివర పిల్లలను చేర్చుకుంటారు. పిల్లలకు పాఠం అర్థం కావడం లేదన్న సంగతి అన్నీ అయ్యాక బయటపడి, అది పిల్లల లోపంగా నమోదవుతుంది. గిడుగు దీన్ని తలకిందులు చేసి, పిల్లవాడి భాష పంతులుకు రావడాన్ని మొదటి మెట్టుగానూ, గదిని చివరి మెట్టుగానూ పెట్టారు. కొత్త పిల్లవాడు రాకముందే బడి మారి కూర్చున్నది. ఆ మార్పుకు పట్టిన కాలాన్ని ఏళ్లలో కొలవాలి కాబట్టే ఏ ప్రభుత్వ పథకమూ దాన్ని తేలికగా తలకెత్తుకోదు.

తెలంగాణ వైపు ఇటువంటిదే మరొకటి జరిగింది. గోండుల తిరుగుబాటు నడిపిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో మరణించాక, గోండుల స్థితిగతుల అధ్యయనానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ సలహాతో 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. సర్కారు ఉర్దూలో, ఇరుగుపొరుగు తెలుగులో, మరాఠీలో ఉన్న చోట, గోండు పిల్లలకు గోండు పంతులు గోండీలో పాఠం చెప్పడమన్నది తిరుగుబాటు తరువాత గాని పాలకులకు తట్టలేదన్నది చేదు నిజం. ఆ పైన 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండీ, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. బహుభాషా విద్య అంటే తొలి తరగతుల్లో తల్లిభాషలో చదువు మొదలుపెట్టి, దానిమీద నిలబడి క్రమంగా రాష్ట్ర భాషకూ, ఇంగ్లీషుకూ వెళ్లడం. దీనికి తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. ఊహ మంచిది, పుస్తకాలూ మంచివే. అయితే ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుడు బదిలీ మీద వెళ్లి, తెలియని వ్యక్తి ఆ బడికి వస్తే వాచకం బీరువాలో పడి ఉంటుంది. పుస్తకం అచ్చువేయడం కంటే మనిషిని నిలపడం కష్టమని సీతంపేట మొదలు ఉట్నూరు దాకా మన్యం బడుల సంగతి తెలిసినవారందరూ ఒప్పుకుంటారు.

ఆదివాసీ పిల్లల విషయంలో స్పష్టంగా కనిపించే ఈ దూరం మైదానపు పల్లెల్లోనూ లేకపోలేదు. అక్కడ అది ఆరో తరగతి రూపంలో వస్తుంది. ఊరి ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి ముగించిన పాప బడి మొత్తానికీ పెద్దది: గంట కొట్టేది, ప్రార్థనలో ముందు నిలబడేది, ఒకటో తరగతి పిల్లల ముక్కు తుడిచేది, టీచరమ్మ రాకపోతే పిల్లలను కూర్చోబెట్టేది ఆ పాపే. ఆమెకు అన్ని పాఠాలూ చెప్పేది ఒకరో ఇద్దరో టీచర్లు. వాళ్లకు ఆమె తల్లి పేరు తెలుసు, ఇంట్లో గేదె ఈనిందని కూడా తెలుసు. జూన్ 12న ఆమె రెండు మూడు కిలోమీటర్ల దూరంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్లేసరికి అందరికంటే చిన్నదవుతుంది. పీరియడు పీరియడుకూ ఒక మనిషి మారతాడు. తెలుగు ఒకరు, లెక్కలు ఒకరు, సాంఘికం ఒకరు. హిందీ అనే కొత్త భాష అక్షరాలతో సహా ఆ ఏడే మొదలవుతుంది. ఎవరి నోటుపుస్తకం ఏ రోజు తేవాలో చెప్పే టైంటేబులు నల్లబల్లమీద ఒకసారి రాసి చెరిపేస్తారు. మరుగుదొడ్డి ఎక్కడుందో అడగడానికి సిగ్గుపడి నీళ్లు తాగడం మానేసే ఆడపిల్లల గురించి ఏ ఉన్నత పాఠశాల టీచరమ్మను అడిగినా చెబుతుంది. ఇంత మార్పుకూ బడి చేసే ఏర్పాటు సాధారణంగా ఒక్కటే: టీసీ, అంటే బదిలీ పత్రం తీసుకుని, అడ్మిషన్ రిజిస్టరులో వరుస సంఖ్య వేయడం.

ఈ దాటుడు ఐదో తరగతి తరువాతే వస్తుందన్న నమ్మకం కూడా ఈ మధ్య పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117 కింద చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలల్లో కలిపారు. 2025లో ఆ పద్ధతిని పక్కనపెట్టి బడులను తొమ్మిది రకాలుగా మళ్లీ అమర్చారు. తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టారు. రెండు రాష్ట్రాల్లోనూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు, అంటే ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో ఉండే పుస్తకాలు వచ్చాయి. ఈ నిర్ణయాల మంచిచెడ్డలమీద వాదాలు సాగుతూనే ఉంటాయి. ఎదుటి పుటలో తెలుగు నిలబడి ఉండటం మాత్రం, ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టినా, కొత్త భాషలోకి అడుగుపెట్టే పిల్లలకు పట్టుకోవడానికి దొరికిన గోడ. ప్రతి రెండు మూడేళ్లకూ బడుల ఆకారం మారిస్తే, పిల్లలతోపాటు ఉపాధ్యాయులు కూడా జూన్‌లో కొత్తవాళ్లుగానే నిలబడతారన్నది నిర్ణయాలు చేసేవారి లెక్కలోకి రావలసిన మాట.

చట్టం ఈ విషయంలో వ్యవహారం కంటే ముందున్నది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది; నిర్బంధం ప్రభుత్వానికే తప్ప పిల్లలకు కాదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపరాదని ఐదో సెక్షనూ, వయసు ధ్రువపత్రం లేదని వెనక్కి పంపరాదని పద్నాలుగో సెక్షనూ, విద్యాసంవత్సరం మొదలయ్యాక వచ్చినా కాదనరాదని పదిహేనో సెక్షనూ చెబుతాయి. బోధనా మాధ్యమం వీలైనంతవరకు పిల్లల తల్లిభాష కావాలని ఇరవైతొమ్మిదో సెక్షను చెబుతుంది. ఇందులో ‘వీలైనంతవరకు’ అన్న ఒక్క మాటే ఆచరణలో ఎక్కువగా గెలిచింది. అన్నింటిలోకీ లోతైనది నాలుగో సెక్షను. ఇంతవరకు బడికి రాని పదేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతిలో ఐదేళ్ల పిల్లల పక్కన కూర్చోబెట్టకూడదు, వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. నియమావళి ప్రకారం ఆ శిక్షణ కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా రెండేళ్లు సాగవచ్చు.

ఈ నాలుగో సెక్షను వెనుక ఆచరణలో రుజువైన అనుభవం ఉంది, అందులో తెలుగు పల్లెల వాటా చిన్నది కాదు. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో పనికి పోయే పిల్లలను బడికి చేర్చే పని మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది దాని మూలసూత్రం. పశువుల వెంటా, పత్తిచేలల్లోనూ ఉన్న పిల్లలను నేరుగా తరగతిలోకి తోయకుండా, బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో, అంటే పనినుంచి బడికి మధ్య వంతెనగా నడిచే ఆవాస శిబిరాల్లో కొన్ని నెలలు ఉంచి, పాటలతో మొదలుపెట్టి అక్షరాలకూ, ఆపైన తరగతి పాఠాలకూ తీసుకువెళ్లేవారు. ఆ శిబిరాల్లో పిల్లలు నేర్చుకున్నది చదవడం ఒక్కటే కాదు. వరుసలో కూర్చోవడం, గంటకు లేవడం, పెద్దవాళ్లను నిలబెట్టి ప్రశ్న అడగడం కూడా. ఊళ్లో తల్లిదండ్రులతో, ఆసాములతో, పంచాయతీతో జరిగిన చర్చలు అంతకంటే పెద్ద పని. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలు అయ్యారు.

బడి సముదాయం అన్నప్పుడు ఉపాధ్యాయులు, విద్యార్థులే మనసులో మెదులుతారు కానీ, చట్టం ఆ వలయాన్ని పెద్దది చేసింది. ఇరవైఒకటో సెక్షను కింద ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. కాగితంమీద ఇది చిన్న విప్లవం. చాలా ఊళ్లలో అది తీర్మానాల పుస్తకంలో వేలిముద్రలు వేయించుకునే తతంగంగా జారిపోయింది. అధికారం లేకపోయినా పిల్లలను నిజంగా ఎరిగి ఉండేది మధ్యాహ్న భోజనం వండే మహిళ. ఏ పిల్ల రెండోసారి అడగడానికి మొగమాటపడుతుందో, ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం లేదో, ఎవరు పళ్లెం పట్టుకుని దూరంగా అరుగు చివర తింటున్నారో ఆమెకు తెలిసినంతగా హాజరు పట్టీకి తెలియదు. కులం ఇంకా బడిలో ఉన్నదో లేదో చూడాలంటే తరగతి గదికి వెళ్లనక్కరలేదు, ఆ భోజనాల వరుస చూస్తే చాలు. జూన్ నెలాఖరు సమావేశానికి ఆమెను పిలిచి కూర్చోబెట్టి అడిగే బడులు అరుదు.

ఈ చర్చలో చివరగా చెప్పవలసిన పిల్లలకు జూన్ 12తో సంబంధమే లేదు. హైదరాబాదు చుట్టుపక్కలా, పెద్దపల్లి ప్రాంతంలోనూ ఉన్న ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలాంగీర్ తదితర పశ్చిమ జిల్లాలనుంచి కుటుంబాలు వానాకాలం పోయాక వచ్చి, ఎండాకాలం చివర తిరిగి వెళతాయి. వారి పిల్లలకు సొంత ఊరి బడిలో ఏడాది సగంలో తెగుతుంది. ఇక్కడికి వచ్చేనాటికి ఇక్కడి ఏడాది సగమైపోయి ఉంటుంది, పైగా భాష వేరు. స్వచ్ఛంద సంస్థలూ, విద్యాశాఖా కలిసి కొన్ని బట్టీల దగ్గర ఒడియా ఉపాధ్యాయులతో, ఒడిశా పాఠ్యపుస్తకాలతో పనిచోటు బడులు నడిపాయి. పదిహేనో సెక్షను ప్రకారం డిసెంబరులో వచ్చిన ఈ పిల్లలను పక్క ఊరి బడి కాదనడానికి వీల్లేదు. ఐదో సెక్షను ప్రకారం వారి ఊరి టీసీ రాలేదని ఆపడానికీ వీల్లేదు. అయినా, వారిని ఏ రాష్ట్రపు రిజిస్టరులో ఉంచాలి, పరీక్ష ఎవరు పెట్టాలి, మేలో వెళ్లిపోయేటప్పుడు నేర్చుకున్నదానికి కాగితం ఎవరివ్వాలి అన్న మూడు ప్రశ్నలు ప్రతి ఏడూ బట్టీల కాలం మొదలయ్యాక మళ్లీ కొత్తగా లేస్తాయి. రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ సెప్టెంబరులోపే, అంటే మొదటి కుటుంబాలు రైలెక్కకముందే, వెళ్లే పిల్లల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవడమూ, ఒడియా వచ్చిన ఉపాధ్యాయులను అప్పటికే నియమించి ఉంచడమూ దీనికి తొలి పని. గిడుగు పాటించిన వరుస ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.